మణికట్టు నొప్పి, ఆర్డర్ల నోటుపుస్తకం: క్రోషే బొమ్మలు అల్లి అమ్మే ఒక మహిళ కేస్ స్టడీ

చేతిపనితో సంపాదించుకునేవారికి చేతి నొప్పి వస్తే చుట్టుపక్కలవారు, కొన్నిసార్లు వైద్యులు కూడా, మొదట చెప్పే మాట ‘కొన్నాళ్లు ఆ పని మానెయ్యండి’ అని. కొందరి విషయంలో ఆ సలహా సరైనదే. అయితే ఇంటి బాధ్యతలు, సొంత అనారోగ్యం, అమ్మకాల ఒత్తిడి ఒకదానితో ఒకటి పెనవేసుకుపోయిన చోట పని మాన్పిస్తే సంపాదన పోతుంది గాని నొప్పి పోదు. ఆక్యుపేషనల్ థెరపిస్టుగా (రోజువారీ పనులు మళ్లీ చేసుకోగలిగేలా రోగులకు సాయపడే వృత్తి ఇది) నేను చూసిన ఈ కేసులో అది చాలా స్పష్టంగా కనిపించింది. రోగి అనుమతితో, ఆమెను గుర్తుపట్టే వివరాలు తీసేసి ఇక్కడ రాస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఒక్కటే: ఆమె చేతిని దెబ్బతీసింది పని మొత్తం ఎంత అన్నదానికన్నా, ఆ పని కొన్నాళ్లు అసలు సాగకుండా కొన్నాళ్లు ఒక్కసారిగా మీద పడడం. చికిత్స కూడా అక్కడి నుంచే మొదలుపెట్టవలసి వచ్చింది.

నేపథ్యం

రోగి వయసు 46 ఏళ్లు, కుడిచేతి వాటం. క్రోషే కొక్కెంతో చిన్న చిన్న బొమ్మలు అల్లి, ఫోనులో ఆర్డర్లు తీసుకుని పంపుతారు. ఇంట్లో షిఫ్టుల ఉద్యోగం చేసే భర్త, కాలేజీలో చదివే కొడుకు, పక్షవాతం వచ్చి ఎడమ పక్క బలహీనపడిన తల్లి ఉంటారు. తల్లిని మంచం మీద నుంచి లేపడం, స్నానం చేయించడం, మందులు వేయడం దాదాపు పూర్తిగా ఈమె పనే. బొమ్మల మీద వచ్చే డబ్బు ఇంటికి ప్రధాన ఆధారం కాకపోయినా తల్లి మందులకు, ఫిజియోథెరపీకి అదే ఆసరా. ఆమెకు ఎనిమిదేళ్లుగా హైపోథైరాయిడిజం, అంటే థైరాయిడ్ హార్మోన్ తక్కువగా తయారయ్యే జబ్బు, కూడా ఉంది.

ఆరు నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయని, రాత్రి రెండు మూడు గంటల వేళ ఆ తిమ్మిరితోనే మెలకువ వస్తోందని, చెయ్యి గట్టిగా విదిలించుకుంటే కాసేపటికి తగ్గుతోందని చెప్పారు. చేతిలోంచి కప్పులు జారిపోవడం మొదలయ్యాక ఒక వైద్యుణ్ణి కలిశారు. అక్కడ నొప్పి మాత్రలు ఇచ్చి, అల్లిక మానెయ్యమన్నారు. మూడు వారాలు నిజంగానే కొక్కెం ముట్టుకోలేదు. పగటి నొప్పి కొంత తగ్గింది గాని రాత్రి మెలకువలు ఆగలేదు. మూడు వారాల తర్వాత పేరుకుపోయిన ఆర్డర్లన్నీ ఒక్క వారంలో పూర్తి చేయబోయి, మునుపటికన్నా ఎక్కువ నొప్పితో నా దగ్గరికి వచ్చారు.

ఇంట్లోవాళ్లు ఆమె నొప్పిని పట్టించుకోలేదని అనను. అయితే కాలక్షేపానికి మొదలుపెట్టిన పని కోసం చెయ్యి పాడుచేసుకుంటోందన్న అభిప్రాయం అందరిలో బలంగా ఉండేది. చివరికి ఆమె కూడా అదే నమ్మే స్థితికి వచ్చారు. ‘తప్పంతా నాదే మేడమ్, ఆర్డర్లు ఒప్పుకోకుండా ఉండలేకపోతున్నాను’ అన్నది ఆమె నాతో మొదట చెప్పిన మాటల్లో ఒకటి.

పరీక్షలో తేలిన విషయాలు

మణికట్టు ఎముకలు కమాను ఆకారంలో అమరి ఉంటాయి, వాటి మీదుగా అడ్డంగా ఒక గట్టి స్నాయుబంధం ఉంటుంది. ఆ రెంటి మధ్య ఉన్న ఇరుకు దారిలోంచి వేళ్లను ముడిచే 9 టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు), వాటితోపాటు మీడియన్ నరం అరచేతిలోకి వెళ్తాయి. టెండన్ల చుట్టూ ఉండే పొర ఉబ్బినా, మణికట్టును చాలాసేపు వంచి ఉంచినా లోపలి పీడనం పెరిగి నరం నలుగుతుంది. ఈ జబ్బునే కార్పల్ టనెల్ సిండ్రోమ్ అంటారు. 1981లో గెల్బర్‌మన్ బృందం ఆ దారిలోకి సన్నని గొట్టం పంపి పీడనాన్ని నేరుగా కొలిచింది. ఈ జబ్బు లేనివారిలో మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు సగటు 2.5 మిల్లీమీటర్ల పాదరసం ఉండగా, జబ్బు ఉన్నవారిలో 32 ఉంది. వారే మణికట్టును ముందుకు వంచితే 94కు, వెనక్కి వంచితే 110కి చేరింది. ఈ కేసులో నేను తీసుకున్న నిర్ణయాలు చాలావరకు ఈ అంకెల మీద ఆధారపడినవే కాబట్టి వాటిని ముందే చెబుతున్నాను.

మణికట్టును ముందుకు వంచి 60 సెకన్లు ఉంచే ఫాలెన్ పరీక్షలో ఆమెకు 20 సెకన్లలోపే తిమ్మిరి వచ్చింది. నరం మీద వేలితో తడితే మధ్యవేలి కొస దాకా జివ్వుమంది. చిటికెన వేలి స్పర్శ మామూలుగానే ఉంది, దానికి వెళ్లేది వేరే నరం. అరచేతి నడుమ చర్మం స్పర్శ కూడా బాగానే ఉంది. ఆ చోటికి వెళ్లే సన్నని కొమ్మ ఇరుకు దారిలోకి దిగకుండా పైనుంచి పోతుంది కనుక, నరం నలుగుతున్నది మణికట్టు దగ్గరేనని చెప్పడానికి అది మంచి ఆధారం. మెడ కదలికలతో తిమ్మిరి పెరగలేదు. బొటనవేలి పక్కనున్న టెండన్ల వాపును పట్టిచ్చే ఫింకెల్‌స్టైన్ పరీక్షలో నొప్పి లేదు. బొటనవేలి మొదట్లో కండ కరగలేదు గాని, నా వేలికి ఎదురొత్తినప్పుడు కొంచెం బలహీనత తెలిసింది. నరంలో సంకేతాలు ఎలా ప్రయాణిస్తున్నాయో కొలిచే నర్వ్ కండక్షన్ పరీక్షలో కుడివైపు మధ్యస్థ స్థాయి, ఎడమవైపు స్వల్ప స్థాయి కార్పల్ టనెల్ సిండ్రోమ్ అని వచ్చింది. ఈ జబ్బు తీవ్రతను కొలవడానికి 1993 నుంచి వాడుకలో ఉన్న బోస్టన్ ప్రశ్నావళిలో 1 నుంచి 5 వరకు ఉండే కొలత మీద (అంకె పెరిగితే ఇబ్బంది ఎక్కువని అర్థం), లక్షణాల 11 ప్రశ్నలకు సగటు 3.4, పనులు చేసుకోవడంలో ఇబ్బంది గురించిన 8 ప్రశ్నలకు సగటు 2.9.

థైరాయిడ్ గురించి విడిగా చెప్పాలి. థైరాయిడ్ హార్మోన్ తక్కువైనప్పుడు ఒంట్లోని మెత్తని కణజాలం నీరు పట్టి ఉబ్బుతుంది. మణికట్టు దగ్గరి ఇరుకు దారికి ఆ కొద్దిపాటి ఉబ్బు కూడా ఎక్కువే. ఆమె మాత్ర మానలేదు, రోజూ పొద్దున్నే వేసుకుంటున్నారు. అయినా రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ హార్మోన్ తక్కువైతే పెరిగేది) 14 వచ్చింది, అది బాగా ఎక్కువ. మాత్రలు ఎలా వేసుకుంటున్నారో వివరంగా అడిగితే, మరిచిపోకుండా ఉండడానికి కాల్షియం మాత్రను కూడా దాంతో కలిపే మింగుతున్నారని తెలిసింది. కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదు, రెంటికీ మధ్య కనీసం 4 గంటల ఎడం ఉండాలి. ఈ సంగతి రాసి ఆమెను తన వైద్యుడి దగ్గరికి పంపాను. మోతాదు మార్చకుండా, ముందు వేళలు మాత్రం మార్చి 8 వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేద్దామని ఆయన నిర్ణయించారు.

పని చేస్తుండగా చూస్తే

చేతిపనివారి నొప్పిని పరీక్ష గదిలో చూసి ఊరుకుంటే సగమే తెలుస్తుంది. అందుకే ఆమె ఇంటికి వెళ్లి, ఒక బొమ్మ మొదలు నుంచి పూర్తయ్యేదాకా అల్లమని అడిగాను.

ఇలాంటి బొమ్మల్లో లోపల కూరిన దూది బయటికి కనబడకూడదు. అందుకని దారం చుట్ట మీద సూచించిన సైజుకన్నా సన్నని కొక్కెం వాడి, కుట్లు బిగువుగా వేస్తారు. బిగిసిన కుట్టులోకి కొక్కెం దూర్చడానికి ప్రతిసారీ బలం కావాలి. ఆమె వాడేది నూలు దారం. ఊలులా అది సాగదు, కాబట్టి ఆ బలమంతా వేళ్లే పెట్టాలి. సన్నని లోహపు కొక్కేన్ని పెన్ను పట్టినట్టు మూడు వేళ్ల కొసలతో పట్టుకుని, కుట్టుకుట్టుకూ మణికట్టును లోపలికి తిప్పుతున్నారు. ఎడమచెయ్యి కదలదు గాని అల్లికను గంటల తరబడి చిటికెతో బిగించి పట్టుకుని ఉంటుంది. స్వల్పంగానైనా ఎడమవైపు కూడా జబ్బు ఎందుకు మొదలైందో దీంతో అర్థమైంది.

ఇంత చేసినా అల్లుతున్నంతసేపు ఆమెకు తిమ్మిరి రాలేదు. అది వచ్చింది చేతులు, కాళ్లు, చెవులు వేర్వేరుగా అల్లి వాటిని మొండేనికి సూదితో కుట్టే దశలో. దళసరి అల్లికలోంచి మొద్దు సూదిని లాగడానికి బొటనవేలు, చూపుడువేలు తెల్లబడేంతగా నొక్కి పట్టుకున్నారు, మణికట్టు పూర్తిగా వెనక్కి వంగి ఉంది. నాలుగో కాలు కుడుతుండగా సూది వదిలేసి చెయ్యి విదిలించుకున్నారు. అల్లిక వల్లనే నొప్పి అని ఇన్నాళ్లూ అందరూ అనుకున్నారు, ఎక్కువ హాని చేస్తున్నది మాత్రం చివరి గంటలో జరిగే ఈ కుట్టుపని.

ఆ మధ్యలో తల్లి పిలిచారు. ఆమె లేచి వెళ్లి తల్లిని మంచం మీద కూర్చోబెట్టడం కూడా చూశాను. మంచం బాగా తక్కువ ఎత్తు. తల్లి చంకల కింద అరచేతులు పెట్టి, మణికట్టు వెనక్కి విరిచినట్టుగా వంచి, ఆమె బరువంతా దాని మీదే ఎత్తారు. పైన చెప్పిన 110 అంకె నాకు అప్పుడు గుర్తొచ్చింది. బరువు మోయకుండా ఊరికే వెనక్కి వంచితేనే అంత పీడనం. అల్లిక మానిన మూడు వారాల్లోనూ ఈ ఎత్తడం రోజుకు పలుమార్లు సాగుతూనే ఉంది కనుక, రాత్రి తిమ్మిర్లు ఆగకపోవడంలో ఆశ్చర్యం లేదు.

నోటుపుస్తకం చెప్పిన కథ

ఆర్డర్లు రాసుకోవడానికి ఆమెకు ఒక నోటుపుస్తకం ఉంది. ఎవరికి, ఏ బొమ్మ, ఏ తేదీకి, పంపింది ఎప్పుడు అన్నీ అందులో ఉన్నాయి. నేను కోరినట్టు అదే పుస్తకంలో పక్క పేజీలో నొప్పిని 0 నుంచి 10 వరకు రోజూ రాశారు, తల్లికి బాగాలేని రోజులకు ఒక గుర్తు పెట్టారు.

ఆరు వారాలు గడిచేసరికి ఒక క్రమం కనిపించింది. తల్లికి జ్వరమో ఇన్ఫెక్షనో వస్తే ఆ వారం అల్లిక సాగదు, ఆర్డర్లు మాత్రం వస్తూనే ఉంటాయి, ఈమె కాదనరు. తల్లి తేరుకున్న తర్వాతి వారం ఇచ్చిన మాట నిలుపుకోవడానికి రాత్రిళ్లు కూర్చుని అల్లుతారు, కుట్టుపని అంతా చివరి రెండు రోజుల్లోకి నెట్టుకొస్తుంది. పార్సిళ్లు వెళ్లిన రెండు మూడు రోజులకు నొప్పి 8కి చేరుతుంది. ఆ నొప్పితో మరో వారం పని పోతుంది, దానివల్ల మళ్లీ బకాయి పడుతుంది. రోజుకు ఇంతని సమంగా పని సాగిన వారాల్లో, మొత్తం గంటలు దాదాపు అంతే ఉన్నా, నొప్పి 4 దాటలేదు.

ఆ రెండు పేజీలు పక్కపక్కన చూసుకున్నాక ఆమె తనను తాను నిందించుకోవడం తగ్గింది. ఆ మార్పు ఏ కొలమానంలోనూ నమోదు కాలేదు గాని, చికిత్స ముందుకు సాగడానికి దాని సాయం పెద్దదే.

ధర సంగతి కూడా ఆ పుస్తకంలోనే బయటపడింది. దారం, దూది, కళ్లకు వాడే గుండీల ఖర్చును రెట్టింపు చేసి అదే ధర అనేవారు. ఒక బొమ్మకు ఎన్ని గంటలు పడుతుందని అడిగితే ‘ఒక పూట’ అన్నారు. టైమర్ పెట్టుకుని చూస్తే అల్లిక వరకే ఒక పూట. కూరడం, కుట్టడం, ముఖం దిద్దడం, కట్టి పంపడం కలిపితే ఇంకో పూట. ఆ రెండో పూటకు ఆమెకు దక్కుతున్నది సున్నా. రెండు సూదులతో అల్లే నిట్టింగ్‌కు వచ్చినంత విరివిగా క్రోషేకు యంత్రాలు రాలేదు, అమ్ముడయ్యే ప్రతి క్రోషే బొమ్మ వెనుకా ఎవరివో చేతులున్నాయి. ఆ గంటలకు విలువ కట్టకపోతే, కావలసిన డబ్బు కోసం మరిన్ని బొమ్మలు చేయక తప్పదు. ధర నిర్ణయించడం చికిత్సకు సంబంధించిన విషయమేనా అని కొందరు సహోద్యోగులు అడిగారు. చేతి మీద పడే భారాన్ని నిర్ణయించేది అదే అయినప్పుడు తప్పకుండా సంబంధించినదేనని నా అభిప్రాయం.

చికిత్స

అల్లిక మాన్పించకూడదన్నది నా మొదటి నిర్ణయం. మా వృత్తి పుట్టిందే చేతిపనుల చుట్టూ. 1917లో అమెరికాలో దీనికి తొలి సంఘం ఏర్పడిన నాటికి నేత, అల్లిక, బుట్టల పని రోగులకు చికిత్సగా వాడుకలో ఉన్నాయి. 2013లో రైలీ బృందం ప్రచురించిన అంతర్జాతీయ సర్వేలో 3,545 మంది నిట్టింగ్ అల్లికదారులు పాల్గొన్నారు. ఎంత తరచుగా అల్లితే అంత ప్రశాంతంగా, సంతోషంగా ఉన్నామని చెప్పే ధోరణి అందులో కనిపించింది. సర్వే కాబట్టి ఏది కారణమో ఏది ఫలితమో అది తేల్చలేదు. అయినా రోజంతా మరొకరి ఆరోగ్యాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి నుంచి, తనదైన ఒక్క పనిని తీసెయ్యడానికి చాలా గట్టి కారణం ఉండాలి.

మణికట్టును తిన్నగా నిలిపి ఉంచే స్ప్లింట్‌ను రెండు చేతులకూ రాత్రిపూట వేసుకోమన్నాను. నిద్రలో తెలియకుండా మణికట్టు వంగడం రాత్రి తిమ్మిర్లకు ఒక ముఖ్య కారణం. టెండన్లు జారేలా చేసే వేళ్ల వ్యాయామాలు నేర్పాను. ఇవి ఈ జబ్బుకు మామూలుగా చేసేవే, వాటి గురించి ఎక్కువ రాయనక్కర్లేదు.

పనిముట్లలో కొక్కేనికి లావుపాటి మెత్తని పిడి తొడిగాం. పిడి లావైతే చిటికెకు పెట్టే బలం తగ్గుతుంది. పెన్ను పట్టు నుంచి కత్తి పట్టుకు మార్చడం ఆమెకు చాలా కష్టమైంది, మొదట్లో కుట్లు వంకరపోయి విసుగు చెందారు. అందుకని ఆర్డరు బొమ్మల జోలికి పోకుండా, రోజూ కొద్దిసేపు వదులు కుట్ల శాలువ మీద సాధన చేయించాను. ఆ శాలువను చూసి ఎవరో కొనుక్కున్నారు. తర్వాత వదులుగా అల్లే శాలువలు, సంచులు ఆమె సరుకులో భాగమయ్యాయి, బిగువు కుట్ల బొమ్మలు సగానికి తగ్గాయి. చేతులూ కాళ్లూ విడిగా కుట్టే పని లేకుండా, మొండెం అల్లుతూనే వాటిని కలుపుకుపోయే నమూనాలకు మారారు. తప్పనిసరిగా కుట్టాల్సిన చోట సూదిని పట్టి లాగడానికి చిన్న రబ్బరు ముక్క వాడుతున్నారు. నొప్పిని తగ్గించడంలో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఈ మార్పేనని నేను అనుకుంటున్నాను.

తల్లి మంచం కింద దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచాం. కూర్చున్నప్పుడు తుంటి మోకాళ్లకన్నా కొంచెం పైన ఉంటే లేవడం తేలిక. తల్లి బలమైన కుడిపక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి జార్చి, కుడిచేత్తో తనే పరుపును నెట్టి లేచేలా సాధన చేయించాను. నడుముకు పట్టీ కట్టి, కూతురు దాన్ని పట్టుకుంటే చాలు, మణికట్టు తిన్నగా ఉంటుంది. ఈ సాధనలో కొడుకును కూడా కూర్చోబెట్టాను. సాయంత్రం, రాత్రి లేపే బాధ్యత అతను తీసుకున్నాడు. భర్త తన షిఫ్టు లేని రోజుల్లో స్నానం వేళ సాయం ఉంటానన్నారు. అది కొన్ని వారాలు సాగింది, కొన్ని వారాలు సాగలేదు.

తల్లికి కూడా ఈ పనిలో ఒక చోటు దొరికింది. అల్లిన కాలినో చేతినో ఒక గ్లాసులో నిలబెడితే అది కదలకుండా ఉంటుంది, ఒక్క చేత్తో దూది కూరవచ్చు. తల్లి కుడిచెయ్యి చురుగ్గానే ఉంది. మొదటి రోజు ఒక కాలు కూరడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఆ పని ఇంకెవరికీ ఇవ్వనని పట్టుబట్టే దాకా వచ్చారు. దూది మరీ గట్టిగా కూరుతున్నారని కూతురి ఫిర్యాదు.

అమ్మకాల్లో మూడు మార్పులు చేసుకున్నారు. వారానికి ఇన్నే ఆర్డర్లు అని హద్దు పెట్టుకున్నారు. పంపే తేదీని కచ్చితంగా చెప్పకుండా రెండు వారాల వ్యవధిగా చెప్పడం మొదలుపెట్టారు. ఖాళీ వారాల్లో తరచూ అడిగే బొమ్మల తలలు, మొండేలు ముందుగానే అల్లి ఉంచుకుంటున్నారు. గంటలు కలిపి ధర పెంచే విషయంలో మాత్రం చాలా రోజులు తటపటాయించారు. పాత కొనుగోలుదారులకు పెరిగిన ధర చెప్పడానికి ఆమె నాలుగు వాక్యాల సందేశం రాసి నాకు చూపించారు. అందులో మూడు క్షమాపణలే. వాటిని తీసేసి, బొమ్మకు పట్టే గంటలు, వాడే దారం రకం రాయమన్నాను. కొందరు మళ్లీ రాలేదు. అమ్మిన వస్తువుల మొత్తం సంఖ్య మూడో వంతు తగ్గింది, మొదటి రెండు నెలలు ఆదాయమూ పడిపోయింది, నాలుగో నెలకు మునుపటి స్థాయికి చేరింది.

మూడో నెలలో

తల్లికి మూత్రనాళ ఇన్ఫెక్షన్ తీవ్రమై ఆస్పత్రిలో చేర్చవలసి వచ్చింది. పది రోజులు అల్లిక లేదు, నిద్ర లేదు, స్ప్లింట్ కూడా వేసుకోలేదు. ఏర్పాట్లన్నీ కుప్పకూలాయని ఆమె ఫోనులో ఏడ్చారు. అయితే ఈసారి రెండో రోజే కొనుగోలుదారులందరికీ ఆలస్యమవుతుందని సందేశం పంపారు, కొత్త ఆర్డర్లు ఆపేశారు. ఇద్దరు రద్దు చేసుకున్నారు. ఇంటికి వచ్చాక పని మళ్లీ మొదలుపెట్టినప్పుడు మునుపటిలా రాత్రిళ్లు కూర్చోకుండా, మొదటి వారం మామూలు గంటల్లో సగమే చేయాలని ముందే అనుకున్నాం. నొప్పి 5కి వెళ్లి వారంలో దిగివచ్చింది. అంతకుముందు ఇలాంటి సందర్భంలో 8 దాకా వెళ్లి మరో వారం పని పోయేది. స్ప్లింట్ కన్నా, వ్యాయామాల కన్నా నాకు ఈ కేసులో అతి ముఖ్యమైన ఫలితం ఇదే.

ప్రస్తుత స్థితి

ఆరో నెలలో బోస్టన్ ప్రశ్నావళి లక్షణాల సగటు 1.8, పనుల సగటు 1.7. రాత్రి మెలకువలు వారానికి ఒకటి కూడా లేవు. కాల్షియం మాత్రను రాత్రికి మార్చాక, థైరాయిడ్ మందు మోతాదు పెంచకుండానే టీఎస్‌హెచ్ 5కి తగ్గింది, మళ్లీ పరీక్ష ఉంది. మెరుగుదలలో థైరాయిడ్ వాటా ఎంత, పని మార్పుల వాటా ఎంత అని విడదీసి చెప్పడం ఈ ఒక్క కేసుతో సాధ్యం కాదు.

బొటనవేలి బలహీనత పూర్తిగా పోలేదు. దాన్ని ప్రతి సందర్శనలోనూ పరీక్షిస్తున్నాను. అది పెరిగినా, కండ కరగడం మొదలైనా, వేళ్ల కొసల్లో తిమ్మిరి రోజంతా నిలిచిపోయినా ఆలస్యం చేయకుండా శస్త్రచికిత్స నిపుణుల దగ్గరికి పంపాలని నిర్ణయించుకున్నాం. నలిగిన నరానికి ఓ దశ దాటితే పని మార్పులు సరిపోవు, ఆ స్నాయుబంధాన్ని కోసి ఒత్తిడి తీయవలసిందే. ఈ మాట ఆమెకు మొదట్లోనే చెప్పాను.

ఇప్పుడు ఒక దుకాణం వాళ్లు ఒకేసారి పెద్ద సంఖ్యలో సంచులు అడుగుతున్నారు. ఆమెకు ఆ ఆర్డరు తీసుకోవాలని ఉంది, ఆమె తీసుకోవాలనే నాకూ ఉంది. సంచుల్ని నాలుగు విడతలుగా ఇస్తామని, ప్రతి విడతకూ మధ్య రెండు వారాలు ఉండాలని ఆమె అడిగారు. దుకాణం వాళ్ల జవాబు రావలసి ఉంది. ఈలోగా రోజువారీ అల్లిక సమయాన్ని వారానికి కొంచెం చొప్పున పెంచుతూ, పక్క పేజీలో నొప్పి రాసుకోవడం కొనసాగిస్తున్నారు. నర్వ్ కండక్షన్ పరీక్షను మొదటి విడత పూర్తయ్యాక మళ్లీ చేయించాలని అనుకున్నాం.